పదో పేరు

మా బళ్ళో తెలుగు క్లాసు మూతపడింది ఆగస్టు ఒకటో తేదీన, మధ్యాహ్నం మూడున్నరకి. పది పేర్లు కావాలన్నారు, తొమ్మిదే ఉన్నాయి. ఆ పదో పేరు ఎవరిదో నాకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి మీచేత అయ్యో అనిపించుకునే ఓపిక నాకు లేదు. పైగా ఇది నా కథ కాదు, సెలీనా టీచరు కథ.

నా పేరు రాఘవయ్య. మద్రాసు పెరంబూరులో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గుమాస్తాని. పుట్టి పెరిగింది ఇక్కడికి దగ్గర్లోనే, చూలైలో. మా తాత అక్కడ పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణం పెట్టాడు, ఇప్పుడు మా తమ్ముడు కల్యాణ పత్రికలు అచ్చేస్తూ దాన్ని లాక్కొస్తున్నాడు. నాలుగు తరాలుగా ఈ ఊరివాళ్ళం. తమిళం మాకు మంచినీళ్ళ ప్రాయం. నాకు తెలుగు చదవడం వచ్చు, నా పిల్లలకి రాదు. దానికి నేను ఏడవలేదు. ఎవరైనా ఏడుస్తుంటే పక్కన కూర్చుని ఓదార్చే రకమూ కాను.

సెలీనా టీచరు మా బడికి వచ్చేనాటికి ఆరు నుంచి పది దాకా తెలుగు సెక్షన్లుండేవి. ముగ్గురు తెలుగు టీచర్లుండేవాళ్ళు. తరవాత పిల్లలందరూ తమిళం చదివి తీరాలన్నారు. అది తప్పని నేననను. ఉంటున్న ఊరి భాష రాకపోతే బతికేదెట్లా? తెలుగు కావాలన్నవాళ్ళు అదనంగా చదువుకోవచ్చన్నారు. బడి వదిలాక నలభై నిమిషాలు, రాసిన మార్కులు మొత్తంలో కలవవు. కలవని మార్కుల కోసం పిల్లని నలభై నిమిషాలు ఆపమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఏటికేడాది పిల్లలు తగ్గారు. ఇద్దరు టీచర్లు రిటైరయ్యారు, వాళ్ళ చోట్లోకి ఎవరూ రాలేదు. మేడ మీద చివరి గదిలో సెలీనా టీచరొక్కతే మిగిలింది. ఆ గదిలో సగం విరిగిన బల్లలు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఆవిడ ఆ కోవ మనిషి. పొద్దున రాగానే మేడెక్కి బోర్డు మీద తెలుగులో తేదీ, వారం రాసి వచ్చేది. క్లాసు సాయంత్రం కదమ్మా, ఇప్పుడే ఎందుకు అంటే, "పొద్దున్నించి బోర్డు ఖాళీగా ఉంటే నాకు మనసు ఒప్పదన్నా" అనేది. మధ్యాహ్నం అన్నం కూడా ఆ గదిలోనే, ఒంటరిగా తినేది. స్టాఫు రూములో ఎవరూ ఆవిణ్ణి దూరం పెట్టలేదు. తమిళ మాస్టరు ఆనంద్‌రాజ్ ఆవిడ వాటా వడ తీసి పక్కన పెట్టేవాడు కూడా. ఆవిడే నాలుగు ముద్దలు తిని, కిటికీలోంచి రైలింజన్లు బాగుచేసే లోకో వర్క్స్ వైపు చూస్తూ బెల్లు కొట్టేదాకా కూర్చునేది.

పెళ్ళి కాలేదు. కాలేదో, చేసుకోలేదో నేనడగలేదు. తల్లితో ఉండేది. ఆ తల్లి పోయి ఐదేళ్ళయింది. ఆ తరవాత రోజూ సాయంత్రం క్లాసయ్యాక నా టేబులు దగ్గరికి వచ్చి, తాళంచెవి ఇచ్చి, పది నిమిషాలు నిలబడేది. కూర్చోమన్నా కూర్చునేది కాదు. కరెంటు బిల్లు, చర్చిలో ఎవరికి జ్వరమొచ్చింది, బీరకాయ ధర, అన్నీ అయ్యాక వెళ్ళేది. ఒకరోజు విసుక్కున్నాను, ఇంటికి పోయే వేళ ఈ బీరకాయల గోలేమిటని. ఆవిడ నవ్వింది.

"అమ్మ పోయినాక ఇంట్లో నా నోట్లో తెలుగు లేదన్నా. ప్రార్థనలో తప్ప. దేవుడేమో బదులు పలకడు. మీరయితే విసుక్కోనన్నా విసుక్కుంటారు."

ఆ తరవాత నేను విసుక్కోలేదు. బీరకాయల గురించి నేనే అడిగేవాణ్ణి.

ఆ జూన్‌లో పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆగస్టు ఒకటిన వచ్చి లెక్క చూస్తాం, అదనపు భాషకి కనీసం పదిమంది ఉండాలి, లేకపోతే ఆ క్లాసు ఉండదు, టీచరుని అవసరమున్న చోటికి పంపిస్తాం అని. అప్పటికి ఆవిడ దగ్గర ఐదుగురు. నేను కాగితం చదివి వినిపించి, "ఇంకేం, సర్దుకోండి" అన్నాను. నాది అంత మంచి నోరు.

"అడగందే అమ్మైనా పెట్టదన్నా," అంది. "రెండు నెల్లుంది. అడుగుతా."

అడిగింది. సాయంత్రం క్లాసయ్యాక గొడుగు, సంచి, సంచిలో దరఖాస్తు కాగితాలు. ఆదివారం చర్చిలో మొదలుపెట్టింది. ఆవిడ వెళ్ళే చర్చిలో ఆరాధన తెలుగులోనే, కానీ పిల్లలు తెలుగు పాటల్ని తమిళ అక్షరాల్లో రాసుకుని పాడతారు. ఆ నోటు పుస్తకాలు పట్టుకుని తల్లుల చుట్టూ తిరిగి ఇద్దరిని సంపాదించింది. టి. నగర్ చీరల దుకాణంలో పనిచేసే ఒకాయన కూతుర్ని ఇచ్చాడు. ఆయన ఇంటికి నాలుగుసార్లు తిరిగింది. నాలుగోసారి ఆయన భార్యకి జాలేసి సంతకం పెట్టించింది.

చాలామంది పెట్టలేదు. తెలుగని రాయిస్తే రేపు ఉద్యోగం దగ్గర అడ్డం వస్తుందేమోనని ఒకరి భయం. దానికీ దీనికీ సంబంధం లేదని ఆవిడ గంటసేపు చెప్పింది, వాళ్ళు కాఫీ ఇచ్చి పంపించారు. కొత్తగా కట్టిన ఫ్లాట్లలో గుంటూరు వైపు నుంచి వచ్చిన వైదేహి అనే ఆవిడ ఉంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ సాఫ్ట్‌వేరు. కొడుకు ఏదో ప్రైవేటు బళ్ళో చదువుతున్నాడు. మన బడి పిల్లవాడు కాడు, అయినా ఈవిడ వెళ్ళింది. తెలుగు ఇంటి తలుపు కనిపిస్తే తట్టకుండా ఉండలేని రోజులవి.

"అయ్యో, మావాడు ఫ్రెంచ్ తీసుకున్నాడండీ," అందట వైదేహి. "స్కోరింగ్ కదండీ. తెలుగు ఎలాగూ ఇంట్లో మాట్లాడతాం కదా, మళ్ళీ క్లాసెందుకండీ? అయినా మీరు భలే స్పష్టంగా మాట్లాడుతున్నారే, మద్రాసువాళ్ళలా లేదు."

ఆ చివరి మాట నాకు చెప్పేటప్పుడు సెలీనా టీచరు మొహంలో కొంచెం గర్వం కనిపించింది. నాకు ఒళ్ళు మండింది. మద్రాసువాళ్ళలా ఉంటే ఏమట?

జూలై ఇరవై దాటేసరికి తొమ్మిది పేర్లయ్యాయి. తొమ్మిదో పేరు ఎట్లా వచ్చిందో చెప్పను. ఆ పిల్ల తండ్రి ముందు ఆవిడ చేతులు జోడించింది. అంతవరకు చెప్తే చాలు. ఇంక ఒక్కటే కావాలి.

ఇప్పుడు పదో పేరు సంగతి.

మా బళ్ళో పిల్లని చేర్చుకునేటప్పుడు పెద్ద రిజిస్టరులో వరసగా గళ్ళుంటాయి. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పని, చిరునామా, మాతృభాష. ఆ మాతృభాష గడి దగ్గర మాకొక మర్యాద ఉంది. నాకు ముందున్న గుమాస్తా నాగప్పన్ నేర్పించి పోయాడు. వాళ్ళేం చెప్తే అది రాయాలి, రెండోసారి అడగకూడదు. ఎందుకంటే, ఈ ఊళ్ళో కొన్ని వీధుల్లో తెలుగు మాట్లాడితే తండ్రి చేసే పనేదో చెప్పక్కర్లేదు. ఈ మహానగరాన్ని రోజూ తెల్లారేసరికి ఊడ్చిపెట్టేవాళ్ళలో సగంమంది ఇళ్ళల్లో తెలుగే. అది తెలిసిన ఇంటి ఓనరు గది ఖాళీ లేదంటాడు. అందుకని వాళ్ళు ఇంట్లో తలుపేసుకుని తెలుగు, వాకిట్లో తమిళం. చూలై కాగితాల వ్యాపారుల తెలుగుకి, అంటే మా తెలుగుకి, ఎవరూ ఇల్లు లేదనలేదు. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే నాగప్పన్ చెప్పిన మర్యాద గట్టిగా పాటించాను.

మూడేళ్ళ కింద పచ్చయమ్మ అనే పెద్దావిడ మనవరాలు విజిని ఆరో క్లాసులో చేర్పించడానికి వచ్చింది. నేను ఫోటో అడిగితే, వెనక్కి తిరిగి పిల్ల చెవిలో గుసగుసగా, "సంచిలో చూడు, ఆడే పెట్టినా" అంది. నేను విన్నాను. మాతృభాష అని అడిగాను. ఆవిడ నా కళ్ళల్లోకి చూసి, "తమిళ్ సార్" అంది. తమిళం అని రాశాను. రాశాక చిరునామా గడి మళ్ళీ చూసుకున్నాను. పదిహేడో నంబరు. ఆ వీధిలో పదహారో నంబరు ఇంట్లో ఉండేది సెలీనా టీచరు.

టీచరు సంగతి కూడా నాకు తెలుసు. సర్వీసు పుస్తకం నా బీరువాలోనే ఉంటుంది. తండ్రి పని అన్నచోట ఉన్నది చదివాను, మూసిపెట్టాను. మా మధ్య ఆ మాట ఎప్పుడూ రాలేదు.

జూలై ముప్పయ్యో తేదీ సాయంత్రం ఆవిడ తాళంచెవి ఇచ్చి నిలబడింది. చెప్పులు తెగిపోయి పిన్నీసు పెట్టుకుంది. నాకు ఉండబట్టలేదు.

"ఊరంతా తిరిగినారు గదమ్మా. మీ వీధిలో అడిగినారా?"

ఆవిడ గొడుగు కొక్కెం సర్దుకుంది. "మా వీధిలో అంతా అరవోళ్ళేన్నా."

"మీ పక్కింటి పిల్ల విజి మన బళ్ళోనే గదా."

"ఆ పాపోళ్ళా? వాళ్ళూ అరవోళ్ళే. ఆ పెద్దామె పదకొండేళ్ళుగా నాతో అరవంలోనే మాట్లాడతా ఉండాది."

మరి మీరు ఆమెతో ఏ భాషలో మాట్లాడతా ఉండారు అని అడగాల్సింది. ఆ ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది. కానీ అది అడిగితే ఒక ఇంటి రహస్యం కాదు, రెండిళ్ళ రహస్యం విప్పినట్టవుతుంది. ఆ ముసలావిడ నా కళ్ళల్లోకి చూసి చెప్పిన మాట నేను నమ్మినట్టు నటించాను, ఆవిడ దానికి లోపల దండం పెట్టుకునే ఉంటుంది. దాన్ని ఒక క్లాసు కోసం అమ్ముకోనా? సరే, నేను ధర్మరాజునని చెప్పుకోను. భయం కూడా ఉంది. నా సర్వీసు ఇంకా రెండేళ్ళుంది, ఎవరి కులం గొడవా నా టేబులు మీదికి రాకూడదని ఉంది. రెండూ కలిసి నా నోరు మూశాయి.

"రేపొక రోజుంది గదన్నా," అని ఆవిడ వెళ్ళిపోయింది. ఆ రేపు వర్షం కురిసింది. రైల్వే క్వార్టర్స్ దగ్గర తడుస్తూ తిరిగిందని ఎవరో చెప్పారు.

ఒకటో తేదీన వచ్చిన ఆఫీసరు వాసంతి మేడం మంచి మనిషి. అది ఇంకా ఇబ్బంది. మేడెక్కి, పిల్లలందరినీ పేరు పేరునా పిలిచి, మీకేం వచ్చో చదవండని అడిగి, ఒక్కొక్కరు చదువుతుంటే అర్థం కాకపోయినా తల ఊపుతూ వింది. లెక్కపెట్టింది. తొమ్మిది. సెలీనా టీచరు గోడకి ఆనుకుని నిలబడింది, చేతిలో సుద్దముక్క. మేడం నా వైపు తిరిగి తమిళంలో అడిగింది, బళ్ళో ఇంకా తెలుగు పిల్లలెవరూ లేరా, రిజిస్టరు చూడండి, ఇంకొక్క పేరుంటే నేను సంతకం పెట్టేస్తాను అని.

రిజిస్టరు నా చేతుల్లోనే ఉంది. పేజీలు తిప్పాను. విజి పేరున్న పేజీ వచ్చింది. మాతృభాష తమిళం, నా చేతిరాత, నా సంతకం. తిప్పేశాను. లేరు మేడం అన్నాను.

మేడం కాగితం మీద రాసి, టీచరు భుజం మీద చెయ్యి వేసింది. టీచరు ఏడవలేదు. ఈ రోజుకి క్లాసు తీసుకోవచ్చా అని మాత్రం అడిగింది. తీసుకుంది. తొమ్మిదిమందికీ ఆ నలభై నిమిషాలూ పాఠం చెప్పింది. పిల్లలు వెళ్ళాక పొద్దున రాసిన తేదీ తనే చెరిపేసి, తాళంచెవి తెచ్చి నా టేబులు మీద పెట్టింది. ఆ రోజు బీరకాయల మాట రాలేదు. తాళంచెవి తీసి సొరుగులో వేశాను.

మర్నాడు సెలవు పెట్టింది. నాకు తెలిసి తల్లి పోయినప్పటి తరవాత అదే మొదటి సెలవు. ఆ రోజు జరిగింది ఆవిడ నాకు చెప్పింది, నేను మీకు చెప్తున్నాను.

పొద్దున పదకొండు గంటల వేళ. బడి ఉన్న రోజు ఆ వేళకి ఆవిడ ఎప్పుడూ ఇంట్లో లేదు. ఆదివారం చర్చికి పోతుంది. వంటింట్లో, వెనక తలుపు దగ్గర పీట మీద ఊరికే కూర్చుంది. వెనకాల రెండిళ్ళకీ మధ్య గోడ, మనిషెత్తు. గోడ అవతల పచ్చయమ్మ ఇంటి చేతిపంపు. టీచరు తన బిందెలు మునిసిపాలిటీ కొళాయి దగ్గర తెల్లవారుజామునే పట్టుకునేది. సెలవు రోజుల్లో ఆ పంపు చప్పుడు తప్ప అవతలినించి మాటెప్పుడూ వినలేదు. ఇప్పుడు వినబడింది. పంపు కొడుతూ పచ్చయమ్మ లెక్కపెడుతోంది. బిందె నిండటానికి ఎన్ని దెబ్బలో ఆమెకు లెక్క. పక్కింట్లో ఎవరూ లేరనుకుని పైకే లెక్కపెడుతోంది.

"ముప్పయ్యారు. ముప్పయ్యేడు. ముప్పయ్యెనిమిది."

టీచరుకి మొదట అర్థం కాలేదట. తన బుర్రలోనే ఎవరో పలుకుతున్నారనుకుందట. నలభై దాటాక పంపు ఆగింది.

"లేయ్ తల్లా, ఎంతసేపు పడుకుంటావు? గంజి ఆరిపోతా ఉండాది. జొరానికి ఒట్టి కడుపు మంచిది గాదు."

లోపలినించి విజి గొంతు. "వేణాం అవ్వా."

వద్దని అరవంలో అంది. కానీ అవ్వా అంది. టీచరు లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. అవతల మనిషి కనబడదు. పదకొండేళ్ళలో ఆ గోడ మీదినించి ఎన్నిసార్లో కరివేపాకు, పండగ పలహారం, కేకు ముక్కలు చేతులు మారాయి. ప్రతిసారీ తీసుకోండని "ఇందాంగ", మంచిదండీ అని "నండ్రింగ", రెండు వైపులా అరవం. ఇప్పుడు ఆవిడ గోడ మీద చెయ్యి పెట్టి అంది.

"పచ్చయమ్మక్కా. పాపకి జొరమా?"

అవతల అడుగులు గోడ దాకా వచ్చి ఆగాయి. తరవాత గొంతు వచ్చింది, గోడకి దగ్గరగా, చిన్నగా.

"టీచరమ్మా. మీరు మనోళ్ళా?"

"మనోళ్ళే అక్కా."

"మా ఆయన కార్పొరేషన్‌లో ఉన్నాడు. చీపురు పని."

"మా నాయనా అంతే అక్కా."

తరవాత ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారట. ఆ వీధికి వచ్చినప్పుడు ఓనరు ఏమడిగాడు, ఏం చెప్పారు, ఇద్దరిదీ ఒకటే జవాబు. టీచరు ఉద్యోగంలో చేరిన పదకొండేళ్ళకి, తండ్రికిచ్చిన కార్పొరేషన్ క్వార్టర్స్ వదిలి ఆ వీధికి వచ్చింది. వచ్చిన రోజే తల్లికి చెప్పిందట, అమ్మా, వాకిట్లో మాట్లాడొద్దు, మాట్లాడితే అరవంలో మాట్లాడు అని. ఆ తల్లికి అరవం సరిగా రాదు. అందుకని ఆరేళ్ళు వాకిట్లోకే రాలేదు. లోపల కూర్చుని, కూతురు బడినించి వచ్చేదాకా ఎదురుచూస్తూ ఉండేది.

"అమ్మ సచ్చిపోయిన రోజు వీధంతా వచ్చి ఉండారన్నా," అని టీచరు నాతో అంది. "అరవంలోనే ఏడ్చినా. అమ్మా అని గూడా గట్టిగా అనలేదు, నోట్లోంచి ఇంకేమన్నా వచ్చేస్తాదేమోనని."

పచ్చయమ్మ గోడ అవతలినించి అన్న మాట ఇది. "మీ అమ్మ ఉన్నప్పుడు తెలిసుంటే ఎంత బాగుండు టీచరమ్మా. నేనూ పగలంతా ఒక్కదాన్నే. ఇద్దరం ఈ గోడకాడ కూసోని మాట్లాడుకునేటోళ్ళం గదా."

ఆ మాట చెప్తూ సెలీనా టీచరు నా టేబులు ముందున్న కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి కూర్చుంది. నేను మంచినీళ్ళిచ్చాను, తాగలేదు.

క్లాసు సంగతి కూడా వచ్చిందట. పోయిన ఏడాదే విజి అవ్వని అడిగిందట, పక్కింటి టీచరు దగ్గర తెలుగు చదువుకుంటానని. పచ్చయమ్మ వద్దంది. ఆడ పేరు రాయిస్తే ఆ టీచరమ్మకి మనమెవురో తెలిసిపోతాది, మళ్ళీ మొహమెత్తి చూసేదెట్ట అందట. ఈ రెండు నెలలూ టీచరు గొడుగు పట్టుకుని ఊరంతా పిల్లల కోసం తిరుగుతోందని తెలిసి కూడా, మనింటికి రాలేదు గదా, మనల్ని అరవోళ్ళనుకుంటా ఉండాదిలే అని నెమ్మదిగా ఊపిరి పీల్చుకుందట.

"నా నించి దాచిపెట్టిందన్నా," అంది టీచరు. "నేను ఆమె నించి దాచిపెట్టినట్టే. చంకలో పిల్లని పెట్టుకోని ఊరంతా ఎతికినా. ఎవురిల్లు చూసినా, మీ ఇంట్లో ఏ భాషో ధైర్యంగా రాయండి అని చెప్పినానే, నా వీధిలో నేను ఒక్క రోజన్నా చెప్పినానా? ఎవురికి చెప్పినాను నేను పాఠాలు?"

నేను అప్పుడు చెప్పాను. ఇంక దాచడానికి నాకు మొహం చెల్లలేదు.

"నాకు తెలుసమ్మా. ఆ పాప చేరిన రోజే తెలుసు. మొన్న మేడం అడిగినప్పుడు ఆ పేజీ నా చేతిలోనే ఉండాది."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. ఇరవై రెండేళ్ళ పాఠాలు, ఒక గది, ఒక బోర్డు, రోజుకి పది నిమిషాల మాట, అన్నీ నా చేతిలో ఉన్న ఒక్క పేజీ దగ్గర పోయాయి. ఎవరికైనా కోపం వస్తుంది. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు పక్కకి జరిపింది.

"మంచిపనే చేసినారన్నా," అంది. "నా సర్వీసు పుస్తకం గూడా మీ బీరువాలోనే ఉండాది గదా. ఆ సంగతీ ఎవురికీ చెప్పలేదు."

అట్లా అని లేచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నేను అన్నం సగంలో లేచాను. మా ఆవిడ ఏమిటని తమిళంలో అడిగింది. మా ఇంట్లో మేమిద్దరం తమిళంలోనే మాట్లాడుకుంటాం, పిల్లలు పుట్టినప్పటినించీ అలవాటైపోయింది. ఏం లేదన్నాను.

టీచరుని తిరువొత్తియూరు అవతల ఒక బడికి వేశారు. అక్కడ తెలుగు లేదు. లైబ్రరీ పుస్తకాలు చూసుకోమన్నారట. దూరమని ఇల్లు మారింది. వెళ్ళేముందు మూడు వారాలు మాత్రం, సాయంత్రం ఇంటికి రాగానే గోడ దగ్గర పీట వేసుకుని కూర్చునేదట. అవతల పచ్చయమ్మ. గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు, వీధికి వినబడకుండా. ఆ మూడు వారాల్లోనూ ఎవరూ గోడ దాటి ఎవరింటికీ వెళ్ళలేదు. ఆవిడ వెళ్ళిపోయాక ఆ ఇంట్లోకి ఎవరో కొత్తవాళ్ళొచ్చారు. పచ్చయమ్మ వాళ్ళతో తమిళంలో మాట్లాడుతుందని విజి చెప్పింది.

విజి ఇప్పుడు తొమ్మిదో క్లాసు. నేను కనబడితే వణక్కం సార్ అంటుంది. ఒకరోజు వరండాలో ఆపి, తెలుగు నేర్చుకుంటావా, నాకు తెలిసినంత నేను చెప్తాను అన్నాను. నవ్వి, టైము లేదు సార్, ట్యూషనుంది అని వెళ్ళిపోయింది. అది తమిళంలోనే అంది.

మేడ మీద గదిలో ఇప్పుడు కంప్యూటర్లు పెడతామంటున్నారు. విరిగిన బల్లలు అట్లాగే ఉన్నాయి. తాళంచెవి నా దగ్గరే ఉంది. సాయంత్రం నాలుగున్నర అయితే కుర్చీ కొంచెం జరిపి కూర్చుంటాను, ఎవరో వచ్చి నిలబడతారన్నట్టు. ఎవరూ రారు. నాకు ఆవిడ లేని లోటు తెలుస్తోంది. ఈ బళ్ళో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆవిడొక్కతేనన్న సంగతి ఆవిడ పోయాక గానీ నాకు తట్టలేదు.

ఈ జూన్‌లో అడ్మిషన్ల రోజు ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, పక్కన ఆరో క్లాసు పిల్ల. దరఖాస్తు ముందు పెట్టి కాగితాలు తీస్తూ, పిల్లతో వంగి, "ఊరికే ఉండు, ఈడ అల్లరి చేయొద్దు" అంది. చెవికి అందేంత చిన్నగా. గళ్ళన్నీ వరసగా నింపాను. మాతృభాష దగ్గరికి వచ్చేసరికి కలం ఆపాను. నాగప్పన్ మర్యాద ఆ రోజు పక్కన పెట్టాను. గదిలో ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి, తెలుగులో అడిగాను.

"ఇంట్లో ఏం మాట్లాడతారమ్మా? భయం లేదు, చెప్పు. నేనూ తెలుగోణ్ణే."

ఆమె ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. తరవాత నా వైపు తిరిగి, నా అంత చిన్న గొంతుతోనే, మంచి తెలుగులో చెప్పింది.

"అరవమే సార్. మా ఇంట్లో అందరం అరవమే మాట్లాడతాం. అట్టే రాసుకోండి సార్, మీకు పుణ్యముంటాది."

తెలుగని రాసినా ఆ పిల్లని పంపడానికి మా బళ్ళో ఇప్పుడు క్లాసు లేదు. తమిళం అని రాసి, సంతకం పెట్టి, కాగితాలు ఆమె చేతికిచ్చాను.